హెడ్‌ఫోన్‌కు బెజ్జాలు

ఒక వస్తువు పనికొస్తుందో లేదో తేల్చాలంటే దాన్ని పొద్దస్తమానం వాడే మనిషిని కదా అడగాలి! మా ఇంట్లో ఒక హెడ్‌ఫోన్ మంచిచెడ్డలు ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చారు, నన్ను తప్ప. దాన్ని తలకు పెట్టుకునేది నేను. దానితో పని చేసేది నేను. దాని మీద ఆధారపడింది నా ఉద్యోగం. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. వయసొచ్చింది కదా, ఇంకా ఎందుకమ్మా ఆ కోపం అంటారు మావాళ్ళు. ఎందుకో చెబుతాను.

డెబ్బైల చివర్లో మాట. బెజవాడ గవర్నరుపేటలో ఒక వ్యవసాయ మాసపత్రిక ఆఫీసులో నేను తెలుగు టైపిస్టుని. మా ఎడిటరుగారు టేప్‌రికార్డరు సంచిలో వేసుకుని పామర్రు, చల్లపల్లి వైపు ఊళ్ళు తిరిగి, రైతులు చెప్పేదంతా రికార్డు చేసుకొచ్చేవారు. ఏ వంగడానికి ఏ తెగులొచ్చింది, ఏ మందు కొడితే తగ్గింది, కాలవ నీళ్ళు చివరి భూములకు ఎందుకు రాలేదు, అన్నీ అందులో ఉండేవి. తెచ్చి ఆ క్యాసెట్టు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవారు. అందులో ఒకేసారి నలుగురు మాట్లాడేవారు. వెనకాల ఆయిలింజను కొట్టుకుంటూ ఉండేది. మాంచి మాట వచ్చే సమయానికి ఎవరో గేదెను అదిలించేవారు. ఆ గందరగోళంలోంచి ఎవరి మాట వాళ్ళకు విడదీసి, కాగితం మీద పెట్టడం నా పని. ఆ పని నేను బాగా చేసేదాన్ని. ఈ మాట నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పలేదు కనుక.

పిల్ల పుట్టింది. కాన్పుకు చల్లపల్లి మా పుట్టింటికి వెళ్ళి, ఐదో నెలలో పిల్లనెత్తుకుని సత్యనారాయణపురంలో మా ఇంటికొచ్చాను. ఉద్యోగం సంగతి మాట్లాడదామని ఆఫీసుకు వెళ్తే, అందరూ ఎడిటరుగారి గదిలో గుంపుగా ఉన్నారు. ఎడిటరుగారి బంధువు ఒకాయన ఓడలో ఇంజనీరు, జపాన్ నుంచి హెడ్‌ఫోన్ తెచ్చి ఇచ్చాడట. నల్లగా, బరువుగా, రెండు కొబ్బరి చిప్పల్లా ఉంది. మామూలు హెడ్‌ఫోన్‌లో చిన్న స్పీకరు ఉంటుంది కదా, ఇందులో అది లేదట. గాజు కాగితంలాంటి పల్చటి పొర, దాని మీద అల్లిన సన్నటి లోహపు గీత, దానికి అటూ ఇటూ అయస్కాంతాలు. పొర మొత్తం ఒక్కసారే కదులుతుంది కాబట్టి మాట చెక్కుచెదరకుండా వస్తుందట. చిప్పలకు వెనక సందు లేకుండా మూసేశారు. లోపలి శబ్దం బయటికి పోదు, బయటిది లోపలికి రాదు.

ఆఫీసులో మగవాళ్ళంతా వరసగా పెట్టుకుని చూశారు. ఎడిటరుగారు ఒక పాట విని కళ్ళు మూసుకున్నారు. మేనేజరుగారు తల ఊపారు. యాడ్స్ చూసే ఆయన "అబ్బో, ఇది మనకెందుకండీ, ఇంటికి పట్టుకుపోండి" అన్నాడు. రైతుల టేపు పెట్టి విందామని ఒక్కరికీ తోచలేదు. నేను అడిగి తీసుకుని, పాట తీసేసి, పామర్రు క్యాసెట్టు పెట్టాను. ఆయిలింజను చప్పుడు ఒక పక్కకు జరిగింది. మాట్లాడుతున్న పెద్దాయన, పక్కన నసుగుతున్న ఇంకొకాయన, ఇద్దరూ విడివిడిగా వినిపించారు. నేను ఆనందం పట్టలేక గట్టిగా "ఇది నాకు కావాలండీ" అనేశాను. చెవులు మూసుకుపోయి ఉన్నాయి కాబట్టి అరిచినట్టే అన్నానట. అందరూ నవ్వారు.

ఎడిటరుగారు నవ్వలేదు. ఆయన కాస్త ఆలోచించి, "చూడమ్మా, చంటిపిల్లతో రోజూ రావడం కష్టం. టైపు మిషనూ టేప్‌రికార్డరూ ఇదీ ఇంటికి పంపిస్తాను. రెండు సంచికలకు ఇంటి దగ్గర్నించే చేసి చూడు. టయానికి వస్తే ఉద్యోగం నీదే, ఎన్నాళ్ళైనా అట్లాగే చేసుకో. కుదరలేదనుకో, ఇంకొకళ్ళని చూసుకోక తప్పదు నాకు" అన్నారు. అంతకంటే న్యాయమైన మాట ఏముంటుంది? ఆ రోజు రిక్షాలో ఇంటికొస్తుంటే పిల్లా ఉద్యోగమూ రెండూ నా ఒళ్ళోనే ఉన్నట్టు అనిపించింది.

మాది మూడు గదుల ఇల్లు. వెనక రైలు పట్టాలు. పక్కవాటాలో రేడియో నిద్రపోయేదాకా మోగేది. మా అత్తగారు పప్పు రుబ్బినా, పక్కింటావిడతో మాట్లాడినా ఒకే స్థాయి. ఇంట్లో ఇంకా ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేసే మా ఆయన, ఆటోనగర్లో లారీ భాగాలకు లేతు పని చేసే షెడ్డు నడిపే మా మరిది ఉండేవారు. ఈ చప్పుళ్ళన్నిటి మధ్యలో నేను నడిమింట్లో మిషను పెట్టుకుని, చిప్పలు చెవులకు తగిలించుకుంటే, ఒక్కసారిగా ఎవరూ లేని చోట కూర్చున్నట్టు ఉండేది. రైలు వెళ్ళినా నేల అదిరితేనే తెలిసేది.

ఆ హెడ్‌ఫోన్ గొప్పదని నేను అనను. లోపాలు నాకు తెలుసు, అందరికంటే బాగా తెలుసు. మా చిన్న టేప్‌రికార్డరు దాన్ని లాగలేకపోయేది, సౌండు మొత్తం తిప్పితే గానీ చాలేది కాదు. బరువుకు మెడ పట్టేసేది. ఎండాకాలంలో చిప్పల కింద చెమట పట్టి చెవులు నానిపోయేవి. పైనున్న పట్టీ నా ముడికి అడ్డం పడేది, అందుకని జడ వేసుకోవడం మొదలుపెట్టాను. అన్నిటికంటే పెద్ద చిక్కు నా దుద్దులు. చిప్ప నొక్కితే దుద్దు శీల చెవి వెనక గుచ్చుకునేది. తయారు చేసినవాడికి ఆడవాళ్ళకు చెవులుంటాయనీ, వాటికి దుద్దులుంటాయనీ తోచినట్టు లేదు. అందుకని పనిలో కూర్చునేటప్పుడు దుద్దులు తీసి టైపు మిషను పక్కన పెట్టుకునేదాన్ని.

అక్కడ మొదలైంది.

"ఏంటమ్మాయ్, ఆ బోసి చెవులు? మొగుడు ఉన్నదానివేనా?" అంది మా అత్తగారు.

"పని అయ్యాక పెట్టుకుంటానండీ, గుచ్చుకుంటున్నాయి."

"మా కాలంలో చెవులకు ఏదీ గుచ్చుకునేది కాదమ్మా."

మీ కాలంలో ఇది లేదు కదండీ అని నేను అనలేదు. అనవలసింది. పైగా ఆవిడ ఆ మాట నాతో చెప్పి ఊరుకోలేదు, కొళాయి దగ్గర నలుగురితోనూ చెప్పింది. మర్నాడు పక్కవాటా ఆవిడ వచ్చి, నా చెవులు చూసి, ఏమైనా తాకట్టు పెట్టారా అని నెమ్మదిగా అడిగింది. జపాన్ వాళ్ళు చేసిన తప్పుకు మా ఇంటి పరువు కొళాయి దగ్గర పోయింది, దానికీ నేనే జవాబుదారీ.

ఇక రెండో ఫిర్యాదు, అసలు ఫిర్యాదు: పిలిస్తే పలకడం లేదు.

పిల్ల మాటేమిటని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. పిల్ల ఉయ్యాల నాకు ఎదురుగా దూలానికి చీరతో కట్టాను. ఉయ్యాల తాడు నా కాలి బొటనవేలికి ముడి వేసుకున్నాను. మా అమ్మ నన్ను అట్లాగే పెంచింది, డెల్టాలో ఏ ఇంట్లో చూసినా ఆడవాళ్ళు బియ్యం ఏరుకుంటూ అట్లాగే ఊపేవారు. పిల్ల కదిలితే తాడు కదిలేది, ఇంకా గొంతు సవరించుకోకముందే నేను చిప్పలు తీసి ఎత్తుకునేదాన్ని. నేను వినకుండా ఆ పిల్ల ఏడ్చిన రోజు ఒక్కటి లేదు. మా అత్తగారు కూడా ఉందని చెప్పలేకపోయింది.

మరి దేనికి పిలిచేవారు? మా ఆయన తువ్వాలు కనపడక పిలిచేవారు, అది ఆయన భుజం మీదే ఉండేది. చెప్పుల జత ఎక్కడుందని పిలిచేవారు. కాఫీలో పంచదార చాలలేదని పిలిచేవారు, డబ్బా ఆయన చేతికి అందేంత దూరంలో ఉండేది. మా మరిది షెడ్డు నుంచి వచ్చి "వదినా" అని గుమ్మంలోంచే కేకేసి, ఏమిటంటే ఏమీ లేదు, ఉన్నారా అని అనేవాడు. మా అత్తగారికైతే మాట్లాడ్డానికి మనిషి కావాలి, అంతే. నేను పలకకపోతే వచ్చి భుజం తట్టవచ్చు కదా! ఆ నాలుగడుగులు వేయడం ముగ్గురికీ నామోషీ. కూర్చున్న చోటి నుంచే పిలవాలి, నేను లేచి వెళ్ళాలి. అది జరగనందువల్ల హెడ్‌ఫోన్ చెడ్డదైంది.

వాళ్ళూ పెట్టుకుని చూశారు, చూడలేదనను. మా ఆయన వార్తలు విని "బాగానే ఉంది కానీ ఊపిరాడనట్టుంది" అన్నారు. మా అత్తగారు పెట్టుకున్న మరుక్షణం తీసేసి "అమ్మో, సమాధిలో పెట్టినట్టుంది" అంది. మా మరిది మాత్రం వదల్లేదు. తిప్పి తిప్పి చూశాడు, వేలితో చిప్ప మీద కొట్టి చూశాడు. "దీనికి గాలి ఆడదు వదినా. అదే దీని రోగం" అన్నాడు. గాలి ఆడకపోవడమే దీని గుణం అని నేను చెప్పాను. ఎడిటరుగారు చెప్పినదంతా, పొర, అయస్కాంతాలు, అన్నీ విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విన్నాడని నేను అనుకున్నాను.

మొదటి సంచిక టయానికి ఇచ్చాను. ఒక్క కాగితం కూడా వెనక్కి రాలేదు. "ఆఫీసులో ఉన్నప్పటికంటే బాగా చేస్తున్నావే" అని ఎడిటరుగారు కబురు పంపారు. రెండో సంచిక సగానికి వచ్చింది. అది కూడా అయిపోతే ఇక నాకు ఢోకా లేదు. ఆ రోజు పిల్లకు టీకా వేయించడానికి ఆసుపత్రికి వెళ్ళి, మధ్యాహ్నం వచ్చేసరికి బల్ల మీద హెడ్‌ఫోన్ లేదు. గదులన్నీ వెతికాను. అత్తగారిని అడిగితే ముసిముసిగా నవ్వుతోంది.

"కంగారు పడకు. నీ మంచికే. తెస్తాడు ఉండు."

సాయంత్రం మా మరిది తెచ్చాడు. గుడ్డలో చుట్టి, పెళ్ళిచీర విప్పినట్టు విప్పి నా చేతిలో పెట్టాడు. రెండు చిప్పల వెనకా బెజ్జాలు. ఏదో గుచ్చి పారేసినట్టు కాదు. మధ్యలో ఒకటి, చుట్టూ రేకుల్లా మరికొన్ని, అచ్చం పువ్వులా డ్రిల్లింగు మిషను మీద పెట్టి కొలత ప్రకారం పొడిచాడు. అంచులు ఆకురాయితో నున్నగా తీశాడు. అంత నేర్పుగా పాడుచేసిన వస్తువును నేను మళ్ళీ చూడలేదు.

"ఎట్లా ఉంది వదినా? మా షెడ్డులో మిస్త్రీలంతా మెచ్చుకున్నారు."

నేను ఆ బెజ్జాలను గుడ్లప్పగించి చూశాను. దాన్ని సంతోషం అనుకున్నారు. "పెట్టుకుని చూడు, పెట్టుకుని చూడు" అని మా ఆయన. ఈయనకూ తెలుసన్నమాట. నేను పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. మా అత్తగారు పనిగట్టుకుని వంటింట్లోకి వెళ్ళి అక్కడి నుంచి కేకేసింది.

"అమ్మాయ్! వినపడుతోందా?"

"వినపడుతోందండీ."

చప్పట్లు కొట్టారు. నిజంగా కొట్టారు. మా ఆయన తమ్ముడి వీపు తట్టారు. ఆవిడ వంటింట్లోంచి వస్తూ "ఇప్పుడు మనిషిలా ఉంది" అంది. హెడ్‌ఫోన్‌ని అన్నదో నన్ను అన్నదో అడగలేదు నేను.

టేపు పెట్టాను. పక్కింటి రేడియో, పప్పు రుబ్బే చప్పుడు, రైలు, అన్నీ చిప్పల్లోకి దూరాయి. అది చాలనట్టు, రైతు గొంతు పైకి లేచినప్పుడల్లా నూనెలో అప్పడం వేసినట్టు ఒక చిటపట. మొదట టేపు పాడైందనుకున్నాను. ఇంకో టేపు పెట్టాను. అదే చిటపట. మెత్తటి దిండు పక్కకు జరిపి వెలుతురుకు పట్టి చూస్తే, లోపల నల్లగా గడ్డం మొలిచినట్టు ఉంది. ఇనప రజను! లారీ భాగాలు చెక్కే బల్ల మీద, ఇనుము కోసే డ్రిల్లుతో బెజ్జాలు వేస్తే రజను రాక ఏమవుతుంది? లోపల అయస్కాంతాలున్నాయని నేను నోరు నొప్పిపుట్టేలా చెప్పానా లేదా! షెడ్డులో ఉన్న పొడి అంతా అవి పీల్చుకున్నాయి. పొర కదిలినప్పుడల్లా ఆ రజను దాన్ని గీరుతోంది. నేను కుంచెతో దులిపాను. జిగురు కాగితం అంటించి లాగాను. పైపైన వచ్చింది, లోపలిది రాలేదు.

అప్పుడు అరిచాను. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నేను అరవడం అదే మొదటిసారి. ఇది నాది కాదు, ఆఫీసుది, ఎవరినడిగి ముట్టుకున్నారు అన్నాను. మా మరిది ముఖం చిన్నబోయింది. "మంచికే చేశాను వదినా" అన్నాడు. పాపం, నిజమే, మంచికే చేశాడు. అదే నాకు ఇంకా మంట. చెడు చేయాలని చేసినవాణ్ణి తిట్టి ఊరుకోవచ్చు. మంచి చేసినవాడి ముందు నేనే గయ్యాళినయ్యాను. "చిన్నవాడు ముచ్చటపడి చేస్తే అంత రాద్ధాంతమా?" అన్నారు మా ఆయన. ఆ చిన్నవాడు నాకంటే రెండేళ్ళు పెద్ద.

మిగిలిన టేపులు ఆ చిటపటలోనే, ఆపి ఆపి, వెనక్కి తిప్పి తిప్పి చేశాను. సంచిక ఆలస్యమైంది. హెడ్‌ఫోన్ సంచిలో పెట్టుకుని ఎడిటరుగారి దగ్గరకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఆ బెజ్జాల పువ్వులను వేలితో తడిమి చూశారు.

"పోయింది పోయిందిలే అమ్మా. నిన్ను నష్టం కట్టమనను. ఇట్లాంటివి మన దేశానికి సరిపడవు. మన ఇళ్ళల్లో తలుపులే వెయ్యం, చెవులు మూసుకుంటే ఎట్లా?"

"ఇది చాలా మంచిదండీ. మొదటి సంచిక మీరే చూశారు కదా."

"చూశాను. కానీ ఇంటి దగ్గర పని కుదరదని తేలిపోయిందిగా."

ఏం తేలింది? ఎవరు తేల్చారు? పాడుచేసిన వస్తువుతో చేసిన పరీక్షకు ఫలితం ఎట్లా ఉంటుంది? నేను చేసిన పని తేల్చింది ఒకటి, మా ఇంటివాళ్ళు చేసింది తేల్చింది ఇంకొకటి. ఆయన రెండోదాన్నే లెక్కలోకి తీసుకున్నారు. మంచి మనిషే, కానీ ఆయనకూ అదే సుళువుగా తోచింది. "పై సోమవారం నుంచి ఆఫీసుకు రాగలిగితే నీ కుర్చీ నీది. రాలేనంటే ఇప్పుడే చెప్పు, నేనేమీ అనుకోను" అన్నారు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. ఒక్కరి ముఖంలోనూ బాధ లేదు. "పోనీలే, మానెయ్. పిల్లను చూసుకుంటూ హాయిగా ఉండు" అన్నారు మా ఆయన, నాకేదో వరమిస్తున్నట్టు. "ఇన్నాళ్ళకు ఇల్లు ఇల్లులా ఉంటుంది" అంది మా అత్తగారు. మా మరిది ఆ రోజు నాకోసం మల్లెపూలు తెచ్చాడు. ఉద్యోగం పోయిందని నేను ఇంకా ఒప్పుకోనేలేదు, వీళ్ళు అప్పుడే పండగ చేసుకుంటున్నారు. నేను రాజీనామా చేశానని ఎవరు చెప్పారు వీళ్ళకు?

సోమవారం పొద్దున్నే వంట చేశాను. పిల్లకు పాలిచ్చి, ఉగ్గు కలిపి గిన్నె మీద మూత పెట్టాను. తలస్నానం చేసి, గంజి పెట్టిన చీర కట్టుకుని, క్యారేజీ చేతిలోకి తీసుకున్నాను. మా ఆయన గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి చూశారు.

"ఎక్కడికి?"

"ఆఫీసుకండీ. మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చి పాలిచ్చి వెళ్తాను. ఉగ్గు కలిపి పెట్టాను."

"అదేంటి! పిల్ల ఏడిస్తే?"

మా అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ కూడా ఆ ప్రశ్నకే జవాబు కోసం చూస్తోంది.

"ఏడిస్తే వినపడుతుంది కదండీ. మీ ఇద్దరి చెవులకూ అడ్డమేమీ లేదుగా" అన్నాను.

చెప్పులు తొడుక్కుని వీధిలోకి వచ్చాను. వెనక నుంచి మా ఆయన పిలిచారు, ఆ తర్వాత మా అత్తగారు పిలిచింది. ఇద్దరి పిలుపూ స్పష్టంగా వినపడింది. నేను సందు చివరకు నడిచి రిక్షా ఎక్కాను.